రెండు రోజుల పని

నాచారం, మల్లాపూర్ ప్రాంతంలో పాత ఇళ్ళు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. వాటిలో కట్టెల పొయ్యి వెలిగే ఇళ్ళు మరీ తక్కువ. ఆ కాసిని ఇళ్ళల్లో ఎవరిని అడిగినా సాంబయ్య పేరు చెబుతారు. ఇటుకలతో కట్టిన పాత పొగగూడు బీటలిచ్చి ఇంట్లోకి పొగ వదులుతుంటే, దాని లోపలికి స్టీలు పైపు దింపి, పొగనంతా ఆ పైపులోంచి పైకి పంపించేయడం అతని పని. ఆ చుట్టుపక్కల ఇంకెవరూ ఆ పని చేయరు. ఎవరైనా చేశారని తెలిస్తే సాంబయ్య ఊరుకోడు. పనిగట్టుకుని వెళ్ళి, చూసి, నాలుగు వంకలు పెట్టి గాని ఇంటికి రాడు.

పని ముగిశాక అతనికొక అలవాటుంది. ఇంటావిడను పొయ్యి దగ్గర పెద్ద గిన్నె పట్టుకుని కూర్చోమంటాడు. తను బకెట్ నిండా నీళ్ళు డాబా మీదికి మోసుకెళ్ళి, కొత్త పైపు మూతిలో పోస్తాడు. పోసిన నీళ్ళన్నీ కింద గిన్నెలోకి దిగాలి. దిగాయని ఇంటావిడ కేక వేసి చెప్పాలి. చెప్పినా నమ్మడు, దిగి వచ్చి, గిన్నె తన చేత్తో ఎత్తి చూసుకుంటాడు.

"పొగ పోయే పైపుల నీళ్ళు పోసుడేందే సాంబన్నా!" అని నవ్వుతారు జనం.

"పొగల నీళ్ళుంటయి" అంటాడు. అంతే, ఇంకో ముక్క రాదు. మిగతా విషయాల్లో మాత్రం అంత పొదుపు మనిషేమీ కాదు. రాజకీయాల దగ్గర్నుంచి రేషను బియ్యం దాకా ఏది దొరికినా గంటసేపు లాగుతాడు. ఈ బకెట్ సంగతి దగ్గరే నోరు పెగలదు.

సాంబయ్యది జనగామ దగ్గర ఒక పల్లె. పంతొమ్మిదో ఏట అక్క మొగుడి వెంట మల్లాపూర్ వచ్చి, ఏసీ డక్టులు తయారుచేసే షెడ్డులో చేరాడు. డక్టులంటే పెద్ద పెద్ద ఆఫీసుల్లో కప్పు కింద చల్లగాలి మోసుకుపోయే రేకు గొట్టాలు. షెడ్డులో ఉస్తాద్ ఒకాయన ఉండేవాడు. పాన్ నములుతూ, పని నేర్పేటప్పుడు మాటల కన్నా మొట్టికాయలు ఎక్కువ వాడేవాడు. ఆయన నేర్పినవాటిలో మొదటిది, అన్నిటికన్నా పెద్దది ఒకటే. గాలి ఎటు పోతుందో చూసుకుని, వెనక గొట్టం మూతిని ముందు గొట్టంలోకి దూర్చాలి. గాలికి అంచు ఎదురు తగలకూడదు.

"గాలికి అడ్డం పెట్టకు బే. దానికి దారియ్యి" అనేవాడు.

సాంబయ్య ఆ మాటను తలకెక్కించుకున్నాడు. రెండువేల సంవత్సరం తరవాత నగరానికి అవతలి పక్క అద్దాల మేడలు పుట్టగొడుగుల్లా లేచినప్పుడు, వాటిల్లో తిరిగే చల్లగాలిలో సగం తన చేతి మీదుగా పోయిందేనని గొప్పలు చెప్పుకునేవాడు. భార్య వెంకటనర్సమ్మ వినీ వినీ, "గా గాలేదో జర మన ఇంట్లకు గూడ తెప్పియ్యరాదు" అని విసనకర్ర చేతికిచ్చేది.

కొన్నాళ్ళకు షెడ్డులోకి మిషన్లొచ్చాయి. పది మంది పని ఇద్దరు చేయసాగారు. ఆ ఖాళీ రోజుల్లోనే పాత నాచారంలో ఒక ముసలావిడ తన ఇంట్లో పొగగూడు ఇటుకలు పొయ్యిలోకి రాలుతున్నాయని ఎవరితోనో మొరపెట్టుకుంటుంటే సాంబయ్య చెవిన పడింది. వెళ్ళి చూశాడు. ఇటుకలు కట్టడం అతనికి రాదు. వచ్చిందల్లా రేకు పని. స్టీలు రేకును పైపులుగా చుట్టి, ఒకదానికొకటి తగిలించి పైనుంచి పొగగూట్లోకి దింపేశాడు. పొగ సర్రున పైకి పోయింది. ఎవరూ నేర్పకుండా తనంతట తను కనిపెట్టిన పని అది. అక్కడే అతనికి కొంచెం తలకెక్కింది. పదకొండు ఇళ్ళల్లో దింపేసరికి స్టీల్ సాంబయ్య అనే పేరు వచ్చింది. ఆ పేరు వినపడితే మెడ దానంతటదే పైకి లేచేది.

పన్నెండో ఇల్లు కామాక్షమ్మది.

ఆవిడ, భర్త చిదంబరం గారు కాకినాడ వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడినవాళ్ళు. ఆయన రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఎప్పుడో ఒక రైలు గార్డు కట్టించుకున్న మూడు గదుల ఇంటిని కొనుక్కుని అందులో ఉండేవాళ్ళు. ముందు గది, మధ్య గది, వంటిల్లు. వంటింటికీ మధ్య గదికీ నడిమి గోడలోనే ఇటుకల పొగగూడు ఉంది. ఆ పొయ్యి మీద కామాక్షమ్మ పిండివంటలు చేసేది. నాచారం, హబ్సిగూడ కాలనీల్లో గోదావరి జిల్లాల వాళ్ళ ఇంట పెళ్ళయినా, సీమంతమైనా, అరిసెలూ కాజాలూ ఆవిడ కళాయిలోంచే రావాలి. ఇద్దరు ఆడవాళ్ళు సాయానికి వచ్చేవారు. తెల్లవారి ఆరింటికి వెలిగిన పొయ్యి సాయంత్రం దీపాలు పెట్టేవేళకి గాని ఆరేది కాదు.

చిదంబరం గారి పని డబ్బాల మూతల మీద పేర్లు రాయడం. అట్టముక్క కోసి, స్కేలు పెట్టి గీత గీసి, 'బెల్లం అరిసెలు', కింద తేదీ, పక్కన ఎవరింటికో. ముత్యాల్లాంటి అక్షరాలు. ఆయన రాసిన మూతల్ని వంటలైపోయాక కూడా పారేయబుద్ధి కాక దాచుకున్నవాళ్ళున్నారు.

ఆయనకు ఆయాసం. పొగగూడు బీటల్లోంచి మధ్య గదిలోకి పొగ వచ్చి, ఆయన మంచం మీదే తిష్ఠ వేసేది. డాక్టరు నిక్కచ్చిగా చెప్పేశాడు, ఇంట్లో పొగైనా ఉండాలి, ఈయనైనా ఉండాలి అని. పొయ్యి ఆపేయమని కామాక్షమ్మతో చెప్పడానికి చిదంబరం గారికి నోరు రాలేదు. ఆవిడకు పొయ్యి ఆపడానికి చేతులు రాలేదు. అప్పుడు ఎవరో సాంబయ్యను పంపించారు.

2009 ఉగాది వెళ్ళిన వారంలో పైపు దిగింది. అయిదు ముక్కలు. ఉస్తాద్ చెప్పినట్టే, పొగ పైకి పోతుంది గనక కింది ముక్క మూతిని పై ముక్కలోకి దూర్చి, రివెట్లు కొట్టి, అంచు ఎక్కడా ఎదురు తగలకుండా నున్నగా అమర్చాడు. పొయ్యి వెలిగించగానే చిదంబరం గారు బనీను మీదే వీధిలోకి వెళ్ళి నిలబడి, తలెత్తి చూసి, "కామాక్షీ, పోతోందే! నిలువుగా పోతోంది!" అని చిన్నపిల్లాడిలా కేకలు వేశారు. అన్ని కేకలు వేసినా ఆయనకు ఒక్క దగ్గు రాలేదు. కామాక్షమ్మ కళ్ళు తుడుచుకుంది. పొగ వల్ల కాదని వేరే చెప్పక్కర్లేదు.

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు నాయనా నువ్వు" అంటూ వేడివేడి కాజాలు పళ్ళెంలో పెట్టి ఇచ్చింది.

"ఇగ ఇరవై ఏండ్లదాంక దీని మొకం సూడొద్దమ్మా. ఏదన్నైతే నన్నడుగు. నాది జిమ్మేదారి" అన్నాడు సాంబయ్య, నోటినిండా కాజాతో. ఆ మాటను అతను తేలిగ్గానే అన్నాడు. వాళ్ళు మాత్రం తేలిగ్గా తీసుకోలేదు.

ఏడాది చక్కగా గడిచింది. 2010 వానల్లో మధ్య గది గోడ మీద అరచేయంత మరక లేచింది. గోధుమ రంగులో మొదలై నల్లబడింది. తారులా జిడ్డు, పుల్లటి ఘాటు వాసన. తడిబట్టతో తుడిస్తే మర్నాటికి మళ్ళీ వచ్చేది. చిదంబరం గారికి మళ్ళీ దగ్గు మొదలైంది. ఆయన గుమాస్తా బుద్ధి పోనిచ్చుకోకుండా మరక అంచు వెంట పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేశారు. వారానికి మరక గీత దాటింది. మళ్ళీ గీత, మళ్ళీ తేదీ.

సాంబయ్య వచ్చి చూశాడు. తన పైపులో తప్పుంటుందన్న ఆలోచన అతని దరిదాపులకు కూడా రాలేదు.

"పచ్చికట్టె కాలుస్తున్నరమ్మా. గందుకే గిట్లయితుంది. ఎండినయి పెట్టున్రి, అదే పోతది" అని ఠీవిగా చెప్పి వెళ్ళిపోయాడు.

కామాక్షమ్మ నమ్మింది. చింతకట్టెలు తెప్పించింది. అరవై దాటిన మనిషి, వాటిని డాబా మీదికి మోయించి ఎండబెట్టి, వాన చినుకు పడితే పరుగెత్తుకెళ్ళి పట్టా కప్పేది. ఒకసారి మెట్ల మీద జారి మోకాలు పగలగొట్టుకుంది కూడా. మరక ఆగలేదు.

దసరా వెళ్ళాక మళ్ళీ కబురు పెట్టింది. ఈసారి సాంబయ్యకూ లోపల ఏదో గుచ్చుకుంటోంది. డాబా ఎక్కి, పైపు మీది టోపీ తీసి, లోపలికి టార్చి వేసి చూశాడు. ఏమీ తెలియలేదు. సరే, పైపు ఎక్కడైనా మూసుకుపోయిందేమో నీళ్ళు పోసి చూద్దామనుకున్నాడు. కామాక్షమ్మను పొయ్యి దగ్గర గిన్నె పట్టుకుని కూర్చోమన్నాడు. బకెట్ నిండా నీళ్ళు గుమ్మరించాడు.

"వచ్చినయా అమ్మా?"

"లేదు నాయనా."

"జర ఆగి సూడు."

"ఒక గ్లాసుడు వచ్చాయి. అంతే."

బకెట్ నీళ్ళు పోస్తే గ్లాసుడు. మిగతావి ఎటు పోయాయి? అతను ఆ ప్రశ్న వేసుకునే లోపే మధ్య గదిలోంచి చిదంబరం గారి గొంతు వినపడింది. "సాంబయ్యా, గోడ తడుస్తోందయ్యా! నా కళ్ళ ముందే తడుస్తోంది!"

డాబా మీద, ఖాళీ బకెట్ చేతిలో పట్టుకుని, సాంబయ్యకు అప్పుడు అర్థమైంది. పొగ పైకి పోతుంది, నిజమే. కానీ పొగలో నీటి ఆవిరి ఉంటుంది. చల్లని స్టీలుకు తగిలి ఆ ఆవిరి నల్లటి నీరుగా మారి పైపు లోపలి గోడల వెంట కిందికి కారుతుంది. కింది ముక్క మూతి పై ముక్క లోపల ఉంటే, ఆ నీరు ప్రతి అతుకు దగ్గరా పైపు బయటికి జారిపోయి ఇటుకల్లోకి ఇంకుతుంది. పై ముక్కే కింది ముక్కలోకి దిగాలి. వాన నీళ్ళ పైపు తగిలించే ఏ ప్లంబరుకైనా ఆ మాత్రం తెలుసు. కానీ సాంబయ్య ప్లంబరు కాడు, డక్టు మనిషి. డక్టుల్లోని పొడిగాలితో పాతికేళ్ళు బతికినవాడికి పొగలో నీళ్ళుంటాయని ఎందుకు తడుతుంది? అయిదు ముక్కల్నీ తలకిందులుగా దింపాడు. మొత్తం పైపును పైకి లాగి, తిరగేసి, మళ్ళీ దింపితే సరిపోతుంది. కొత్త ముక్క ఒక్కటి కూడా అక్కర్లేదు.

తప్పు చేయడం వరకు అతన్ని నేనేమీ అనను. తెలియక చేశాడు. కానీ ఆ మెట్లు దిగుతూ అతను ఆలోచించింది పైపు గురించి కాదు, తన పేరు గురించి. పదకొండు ఇళ్ళల్లోనూ ఇలాగే దింపాడు. ఆ ఇళ్ళల్లో పొయ్యి పండగలకీ పబ్బాలకీ వెలిగేదే గనక ఇంకా బయటపడలేదు. ఇక్కడ ఒప్పుకుంటే అక్కడా తెలుస్తుంది. స్టీల్ సాంబయ్యకు పొగపైపు ఎటు దింపాలో తెలియదట అని మల్లాపూర్ షెడ్డు దాకా పాకుతుంది, అక్కడ అందరూ చప్పట్లు కొట్టి నవ్వుతారు. ఎనిమిది మెట్లు దిగేసరికి అబద్ధం తయారైంది.

"పైపు మంచిగనే ఉందమ్మా. గోడ పాతది. ఇటుక లోపల్నించే నీళ్ళు పీలుస్తుంది. గోడకేం జేస్తం?"

కామాక్షమ్మ ముఖం వాడిపోయింది. "మరి ఏమీ చేయలేమా నాయనా? నీ మీదే ఆశ పెట్టుకున్నాం."

ఆ మాటకు చలించినట్టే చలించి, సాంబయ్య ఇంకో అబద్ధం ఆడాడు. "సూస్త. వేరే మోడల్ పైపున్నదంటరు. అది దొరికితే తెస్త."

చిదంబరం గారు మాత్రం గోడనే చూస్తూ, "పాత గోడ అరవై ఏళ్ళు ఊరుకుని ఇప్పుడు పీలుస్తోందా" అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. సాంబయ్య వినపడనట్టు చెప్పులు తొడుక్కున్నాడు.

ఇంటికెళ్ళి భార్యకు చెప్పాడు. వెంకటనర్సమ్మ నాచారంలో బట్టలు కుట్టే కంపెనీలో పనిచేసేది. తప్పుగా పడిన కుట్టు విప్పి మళ్ళీ వేయడం ఆవిడకు రోజూ ఉండేదే.

"పోయి జెప్పు. ఏమంటది? నాలుగు మాటలంటది. పడు. తిరగేసి పెట్టు. గింతదానికి గంత ఫికరెందుకు?"

"రేపు పోత."

ఆ రేపు రాలేదు. ఆ రోజుల్లో బంద్‌లు ఎక్కువ. తెలంగాణ కోసం ఊరూవాడా రోడ్డు మీదే ఉంది. షాపులు మూతపడేవి, బస్సులు ఆగేవి. సాంబయ్య కూడా ఉప్పల్ చౌరస్తాలో జెండా పట్టుకుని నిలబడ్డవాడే, గొంతు పోయేదాకా అరిచినవాడే. కామాక్షమ్మ ఫోను చేస్తే, "బంద్‌లున్నయి కదమ్మా, సామాను వస్తలేదు" అనేవాడు. బంద్ లేని రోజున చేసినా అదే మాట. మూడోసారి ఫోనులో ఆవిడ గొంతు తగ్గించి, "నీకేమన్నా ఇబ్బందిగా ఉంటే వద్దులే నాయనా. మాకు అర్థమవుతుంది" అంది. ఏం అర్థమవుతుందో సాంబయ్యకు తెలుసు. తన బస్తీ వాళ్ళు ఏమైనా అంటారని, ఆంధ్రా వాళ్ళ ఇంటికి రావడానికి వెనకాడుతున్నాడని ఆవిడ అనుకుంటోంది. నిజానికి అతని బస్తీలో ఒక్కరూ ఒక్క మాట అన్నది లేదు. రోజూ ఆ ఇంట్లో సాయానికి వెళ్ళే ఇద్దరు ఆడవాళ్ళూ అదే బస్తీ వాళ్ళు. అయినా కాదని చెప్పలేదు. తన చేతి తప్పును దాచుకోవడానికి మొత్తం బస్తీనే అడ్డం పెట్టుకున్నాడు.

2011 ఫిబ్రవరిలో ఆవిడే ఫోను చేసింది. "పొయ్యి ఆపేశాను సాంబయ్యా. మీ సార్‌కి ఆ వాసన పడటం లేదు. నువ్వేమీ మనసులో పెట్టుకోకు."

అప్పుడు అతనికి బాధ కలగలేదు. హమ్మయ్య అనిపించింది. ఆ హమ్మయ్యను తలుచుకుంటే ఇప్పటికీ అతనికి అన్నం సహించదు.

తరవాత చిదంబరం గారు ఒకటి రెండుసార్లు నాచారం బజార్లో, మందుల షాపు ముందు కనిపించారు. సన్నగా, చేతిలో గుడ్డసంచితో. ఆయన చెయ్యెత్తి "సాంబయ్యా" అని పిలుస్తుంటే సాంబయ్య పక్క సందులోకి తిరిగాడు. మొహం చాటేసేవాడికి నాచారంలో సందులకేం కొదవ. 2013 చివర్లో ఆయన పోయారని తెలిసింది. కబురు తెచ్చింది వెంకటనర్సమ్మే. ఆ రోజు ఆవిడ పీట వేసి అన్నం పెట్టి అవతలికి వెళ్ళిపోయింది.

రాష్ట్రం వచ్చిన సంవత్సరం, జూలైలో, కామాక్షమ్మ నుంచి ఫోను వచ్చింది. ఇల్లు అమ్మేసిందట. కొన్నవాళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతారట. తను చెంగిచెర్లలో చెల్లెలి ఇంటి పక్కన రెండు గదులకు మారుతోంది.

"ఆ పైపు నీ చేతి వస్తువు నాయనా. గడ్డపారల పాలు చేయబుద్ధి కాలేదు. వచ్చి తీసుకుపో" అంది.

వెళ్ళాడు. ఇల్లంతా మూటలు, అట్టపెట్టెలు. ముందు గదిలో డబ్బాల మూతలు ఒక దొంతరగా, తాడు కట్టి ఉన్నాయి. పైన ఉన్న అట్టముక్క మీద 'గోరుమిటీలు' అని ఆ ముత్యాల అక్షరాలు. కామాక్షమ్మ బాగా ఒంగిపోయింది. అతన్ని చూసి మామూలుగానే నవ్వింది.

పైకెక్కి, రివెట్లు కోసి, అయిదు ముక్కల్నీ ఒక్కొక్కటే లాగి డాబా మీద పరిచాడు. ప్రతి అతుకు కిందా, పైపుకు బయటి వైపున, నల్లటి జిడ్డు చారలు కట్టి ఉంది. ఎవరికీ వివరించక్కర్లేదు. చేతులు తుడుచుకుని కిందికి దిగేసరికి, ఆవిడ మధ్య గదిలో గోడకు తగిలించిన పెద్ద క్యాలెండరును తీసి చుడుతోంది. దాని వెనక మరక ఉంది. మరక చుట్టూ పెన్సిలు గీతలు, ఒకదాని బయట ఒకటి, ప్రతి గీత పక్కనా తేదీ.

సాంబయ్య దగ్గరికి వెళ్ళి చూశాడు. ఆగస్టు 2010 నుంచి గీతలు వారం వారం పెరుగుతూ వచ్చాయి. ఆఖరి గీత పక్కన 'పొయ్యి ఆపినాము, 14–2–11' అని ఉంది. ఆ తరవాత గీతలు లేవు. కానీ తేదీలు ఉన్నాయి. వాటిని కిందికి వరసగా రాశారు.

'3–7–11. వాన. పెరగలేదు.'

'22–8–11. పెద్ద వాన. పెరగలేదు.'

'28–7–12. రెండు రోజుల ముసురు. పెరగలేదు.'

అన్నిటికన్నా కింద, అక్షరం చెదరకుండా ఇంకో వరస ఉంది. 'గోడది కాదు. పొయ్యి నీరే. సాంబయ్య వస్తే చూపించాలి.'

"అవా" అంది కామాక్షమ్మ వెనకనుంచి. "నువ్వొస్తే చూపిస్తానని రాసుకున్నారు. గోడ తప్పు కాదే, ఇంకేదో ఉంది, అతను తెలివైనవాడు, ఇది చూపిస్తే ఇట్టే పట్టేస్తాడు, మళ్ళీ పొయ్యి వెలిగించుకోవచ్చు అనేవారు. ఫోను చేస్తానని లేస్తే నేనే ఆపాను నాయనా. ఈ రోజుల్లో మనింటికి రావాలంటే అతనికీ మొహమాటంగా ఉంటుంది, బలవంతం చేయకండి, గొడవలు సద్దుమణిగాక తనే వస్తాడు అన్నాను. అక్కడికీ బజార్లో నిన్ను చూశారట. పనిలో ఉన్నట్టున్నాడు, పిలుస్తున్నా వినిపించుకోలేదు అన్నారు."

సాంబయ్య ఆ గోడకే ఆనుకుని కింద కూలబడ్డాడు. కళ్ళల్లోంచి నీళ్ళు వాటంతటవే కారాయి. ఇంకొక్క అబద్ధం ఆడి బయటపడొచ్చు, ఆవిడే దారి కూడా వేసి ఇచ్చింది. ఆడలేకపోయాడు.

"గొడవలు గాదమ్మా. మావోళ్ళు ఎవ్వలు ఏమనలే. తప్పు నాది. పైపు ఉల్టా దింపిన. గా దినం నీళ్ళు పోసినప్పుడే తెలిసింది నాకు. తెలిసే గోడ మీద బెట్టిన. పేరు పోతదని జెప్పలే."

డాబా మీద నుంచి రెండు ముక్కలు తెచ్చి, ఆవిడ ముందు ఒకదాన్లో ఒకటి దూర్చి, ఇలా పెట్టాల్సింది, అలా పెట్టాను అని చూపించాడు. కామాక్షమ్మ శ్రద్ధగా చూసింది. నల్ల చారల మీద వేలు రాసి, ఆ వేలు వాసన చూసుకుంది. ఆవిడ తిడుతుందని చూశాడు. నాలుగు మాటలంటది, పడు అన్న వెంకటనర్సమ్మ మాట గుర్తొచ్చింది. ఆ నాలుగు మాటలైనా పడితే కాస్త తేలిక పడేవాడే.

ఆవిడ తిట్టలేదు. ఒకటే అడిగింది.

"సరి చేయాలంటే ఎన్నాళ్ళు పట్టేది?"

సాంబయ్య తల దించుకున్నాడు. "లాగనీకె ఒక దినం. తిరగేసి దింపనీకె ఒక దినం."

"రెండు రోజులా?"

"రెండు రోజులమ్మా."

ఆవిడ గోడ మీది తేదీల వైపు తిరిగింది. పెదవులు కదిలాయి గాని ఏం చదువుకుందో అతనికి వినపడలేదు. చుట్టిన క్యాలెండరును మూటలో పెట్టింది. మూతల దొంతరను చెంగుతో తుడిచి, వేరే పెట్టెలో సర్దింది.

"అమ్మా, చెంగిచెర్లల కొత్త పొయ్యి కట్టిస్త. పైపు నేనే వచ్చి సక్కగ దింపుత. నా చేతులతోని."

"వద్దు సాంబయ్యా" అంది కామాక్షమ్మ. ఆవిడ గొంతులో కోపం లేదు, నాయనా అన్న పిలుపు కూడా లేదు. "మూతల మీద పేర్లు రాసేవాళ్ళు లేరిప్పుడు."

సాంబయ్య అయిదు ముక్కల్నీ భుజాన వేసుకుని వీధిలోకి వచ్చాడు. మర్నాడే మొదలుపెట్టి, ఆ వానాకాలం ముగిసే లోపు పదకొండు ఇళ్ళకూ వెళ్ళాడు. ప్రతి గుమ్మంలోనూ నిలబడి, పైపు తప్పుగా దింపానని తన నోటితో చెప్పి, పైపులు తిరగేసి దింపి, బకెట్ నీళ్ళు పోసి చూసుకున్నాడు. ఒక్కొక్క ఇంటికి సరిగ్గా రెండు రోజులు పట్టింది.